గిడుగు రామమూర్తి పంతులుగారు

మన బళ్ళారి జిల్లాకు 1823వ సంవత్సరమున క్యాంబెల్ అను దొర కలెక్టరుగా నుండెను. మద్రాసు గవర్నరగు సర్ తామస్ మన్రో ఆజ్ఞ ననుసరించి ఆయన ఈ సీమలోని బడులన్నింటిని లెక్కింపించి, ఆ యేటి ఆగస్టు నెలలో ఒక నివేదికను పంపెను. నాటి జిల్లా నేటిదానికంటె మిక్కిలి విశాలమైనది. అనంతపురము సీమయు అప్పుడిందులోనిదే. 9,27,857 మంది జనులలో బడికి పోవు పిల్లలు 6,641 మంది; బడులు 533. వానిలో కన్నడపు బడులు 235, తెలుగు బడులు 226. తక్కినవి మరాఠీ, పారసీ, సంస్కృతము మున్నగునవి.

ఈ క్యాంబెలు తెలుగునకు వ్యాకరణమును నిఘంటువును రచించినవాడు. కనుక బడులను లెక్కించుటతో తృప్తి నొందక, లోపల జరుగుచున్న చదువెట్టిదో కూడ విచారించెను. పిల్లలు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దుకొని, పిమ్మట పద్యకావ్యములను వల్లించుచుండిరి. ఆ కావ్యముల భాష ఇంటిలోను సంతలోను వినబడు భాష కాదు. అక్షరములు ఒక్కటియే యగుటచే పిల్లవాడు పద్యమును తడబడక చదువగలడు. దాని యర్థము వానికి తెలియదు. చెప్పెడి పంతులకే పలుచోట్ల తెలియదని ఆ దొర వ్రాసెను.

నివేదిక దస్తరములలో పడియుండెను. మరి నలువది యేండ్లకు, మన సీమకు వందల మైళ్ళ దూరమున, వంశధారానది యొడ్డున జన్మించిన యొక బాలుడు పెరిగి పెద్దవాడై, ఆ లోపముతోనే తన జీవితాంతము పెనుగులాడెను. ఆయనయే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు.

రామమూర్తిగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగక్షేత్రమునకు సమీపమున నున్న పర్వతాలపేటలో జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వేంకమ్మగారు. తండ్రి చిన్న యుద్యోగి. కుమారునకు పండ్రెండేండ్లు వచ్చునప్పటికే ఆయన గతించెను. బాలుడు బంధువుల యాశ్రయమున విజయనగరము చేరి మహారాజావారి పాఠశాలలో చదివెను. అచట ఆయనకు సహాధ్యాయి గురజాడ అప్పారావుగారు. ఇద్దరు బాలు రొక్క బల్లపై గూర్చుండి చదివిన ఆ స్నేహము పిమ్మట తెలుగుదేశమున కెంత పని చేసెనో పెద్దతరగతుల విద్యార్థు లెరుగుదురు.

1880లో, పదునేడేండ్ల వయస్సున, రామమూర్తిగారు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో మొదటి ఫారమునకు ఉపాధ్యాయులైరి. జీతము నెలకు ముప్పది రూపాయలు. కుటుంబభారము తలపై నుండగా కళాశాలకు పోవు అవకాశము లేక, ఉద్యోగము చేయుచునే స్వయముగ చదివి, 1886లో ఎఫ్. ఏ., 1894లో బి. ఏ. పరీక్షలయందు ఉత్తీర్ణులైరి.

ఆయన బోధించిన విషయము చరిత్ర. నాటి చరిత్రపుస్తకములలో రాజుల పేర్లు, యుద్ధముల తేదీలు తప్ప వేరు లేవు. రామమూర్తిగారు పుస్తకమును మూసి ముఖలింగము పోయిరి. ఆ దేవాలయపు గోడలపైనను స్తంభములపైనను ఉన్న ప్రాచీన శాసనలిపిని గురుసహాయము లేకయే చదువ నేర్చుకొనిరి. తూర్పు గాంగరాజుల శాసనములను పరిశోధించి, వారి రాజధానియగు కళింగనగరము ఈ ముఖలింగమే యని వాదించిరి. వజ్రహస్తుని నడగాము తామ్రశాసనమును ఆయన పరిష్కరింపగా ‘ఎపిగ్రాఫియా ఇండికా’ యను ప్రభుత్వ గ్రంథమాలలో ప్రకటితమైనది. ఒక పల్లెటూరి బడిపంతులు చేసిన పని యిది. మన జిల్లాలో నిట్టూరునందు అశోకుని పేరు చెక్కిన శిలాశాసన మున్నది. సంగనకల్లు సమీపపు కొండపై రాతితో తట్టిన గంటవలె మ్రోగెడు బండలును, వేల యేండ్లనాటి చిత్రములును ఉన్నవి. మనలో వానిని చూచినవా రెందరో!

పర్లాకిమిడికి పైన కొండలు. ఆ కొండలలో సవరలు నివసింతురు. సంతకు దిగివచ్చిన సవరకు తెలుగు రాదు, ఒడియా రాదు. వర్తకుడేమి చెప్పెనో, కచేరీలో గుమాస్తా ఏమి వ్రాసికొనెనో వానికి తెలియదు. దుబాసీ చెప్పినదే వేదము. పిల్లలకు బడి లేదు. ఎచటనైన ఉన్నను అందలి భాష వారిది కాదు. దీనిని చూచిన రామమూర్తిగారికి, సవరల భాషను నేర్చి సవరబిడ్డలకు వారి మాటలతోనే చదువు చెప్పవలెనను కోరిక కలిగెను.

అందులకు వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు, లిపియు లేదు. తెలుగు వచ్చిన యొక సవరను తమ యింటనే యుంచుకొని ఆయన చెంత పాఠము మొదలిడిరి. ఆ కాలమున బ్రాహ్మణగృహమున కొండవాని నుంచుకొనుట చిన్న విషయము కాదు. అటుపిమ్మట తామే కొండ లెక్కి, గూడెములకు పోయి, అచటివారి మాటలను, కథలను, పాటలను వ్రాసికొనసాగిరి.

సవర మన తెలుగుకన్నడములకు చుట్టము కాదు. అది ముండా కుటుంబమునకు చెందినది. సంథాలీ దాని బంధువు. మన చెవికి అలవాటు లేని ధ్వనులు అందులో నున్నవి. కొన్ని యచ్చులను గొంతులో ఠక్కున ఆపి పలుకవలెను. లెక్కయును వేరు. మనము పదిని ఆధారముగ జేసికొని పదునొకండు, పండ్రెండు అని పోదుము. సవరలు పండ్రెండు వరకు వేరువేరు పేర్లు చెప్పి, పదుమూటిని పండ్రెండు–ఒకటి యందురు. ఇరువదికి మరల ఒక మెట్టు. కావున ముప్పదిమూడు వారికి ఇరువది–పండ్రెండు–ఒకటి. ఇట్టి లెక్కతో పెరిగిన బిడ్డను బడిలో కూర్చుండబెట్టి ఎరుగని భాషలో ఎక్కములు వల్లింపుమన్నచో, వాడు మందుడని పంతులు నిశ్చయించుటలో వింత యేమున్నది? ఎరుగనివాడు పంతులే యని రామమూర్తిగారికి తోచియుండును.

ఆయన సవరలకొరకు సిద్ధపరచిన గ్రంథములను గమనింపుడు. వాచకములు మాత్రమే వ్రాసి ఊరకుండలేదు. కథల పుస్తకమును, పాటల పుస్తకమును కూడ కూర్చిరి. సవరధ్వనులకు తెలుగు అక్షరములనే వాడిరి. ఓనమాలు రాని జాతికి పాటల పుస్తక మేల యని అడుగవచ్చును. సవరలకు వ్రాత లేదు గాని పాట కలదు. పెండ్లికి, పండుగకు, చావునకు, పొలము పనికి పాట యుండును. వారి పాటలలో ఒక చరణము చెప్పి, వెంటనే దానికి జోడుగ, కొన్ని మాటలను మాత్రము మార్చి, మరియొక చరణము చెప్పుదురు. ఒక యర్థమునకు రెండు మాటలు పిల్లవాని నోటికి తామే వచ్చును. అట్టి పాటను అచ్చులో చూచిన బిడ్డకు చదువు పరాయిది కాదు. తాను నిన్న ఆడుచు పాడినదే నేడు కాగితముపై కనబడును. క్యాంబెలు చూచిన మన వీథిబడి పిల్లలును పద్యములనే పాడిరి. కాని అవి వారి నోటి మాటలు కావు. సంగీత ముండిన చాలదు, అది ఎవరిదో చూడవలెనని ఈ రెంటిని ప్రక్కప్రక్కన పెట్టిన తెలియుచున్నది.

పుస్తకములతో బడులు నడువవు. రామమూర్తిగారు తమ సొంత ధనముతో సవరపిల్లలకు బడులు పెట్టిరి. ఉపాధ్యాయుల జీతములను తామే యిచ్చిరి. ఆయన జీతము మీరు చదివియే యున్నారు. తరువాత అది హెచ్చినను, సంసారి యైన పంతులకు అది ఏ మూలకు! జ్యేష్ఠపుత్రులగు సీతాపతిగారు ఈ కృషిలో తండ్రికి తోడ్పడిరి.

కొండలలో మలేరియా మెండు. మన్యమున తిరిగిన రామమూర్తిగారికి జ్వరము పట్టుకొనెను. దానికి క్వినైను పుచ్చుకొనిరి. జ్వరము పోయెను, మందుతో వినికిడియు పోయెను. వ్రాత లేని భాషను నేర్చుటకు చెవియే యాధారము. ఏ చెవులతో సవరపాటల నాలకించి వ్రాసికొనిరో ఆ చెవులు ఆయనకు జీవితాంతము మరల పనికి రాలేదు. అయినను పని విడువలేదు. సవరవ్యాకరణము 1931లోను, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసు ప్రభుత్వమువారు ముద్రించిరి. వ్యాకరణము వెనుక ముప్పదియైదేండ్ల శ్రమ యున్నది. ప్రభుత్వమువారు 1913లో బిరుదమును, 1934లో కైజర్–ఇ–హింద్ పతకమును ఇచ్చి గౌరవించిరి.

తెలుగుభాషకు ఆయన చేసిన సేవ సుప్రసిద్ధము. ఇచట క్లుప్తముగ చెప్పెదను. 1907 ప్రాంతమున యేట్సు అను దొర ఉత్తరజిల్లాలకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చెను. చిన్న తరగతులలో తెలుగుపాఠమును పిల్లలకు తెలియని తెలుగులోనే యేల చెప్పుచున్నారని ఆయనకు సందేహము కలిగెను. విశాఖపట్టణపు కళాశాలాధ్యక్షులగు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గురజాడవారు, గిడుగువారు ఆయనతో కలిసిరి. సవరబిడ్డకు సవర యెట్లో తెలుగుబిడ్డకు వాడుకలోని శిష్టభాష అట్లని రామమూర్తిగారి తర్కము. 1911లో ఉద్యోగవిరమణ చేసి పూర్తికాల మీ యుద్యమమునకే అర్పించిరి. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసమును ఆధునికభాషలో వ్రాయవచ్చునని 1912–13లో లభించిన సెలవు, పండితుల యాందోళనచే 1914లో రద్దయ్యెను. గురజాడవారు 1915లో మరణించిరి. 1919లో రామమూర్తిగారు ‘తెలుగు’ అను మాసపత్రికను నడపిరి; ఏడాదికే నిలిచిపోయెను. 1925లో తణుకు సభలో నాలుగు గంటలు మాటలాడి, గ్రాంథికమును సమర్థించు వారును దానిని తప్పు లేక వ్రాయజాలరని వారి గ్రంథములనుండియే ఉదాహరించి చూపిరి. ఆయన చరిత్రమును ఈ రీతి భాషలో వ్రాయుచున్న నన్ను చూచిన ఎన్ని తప్పులు ఏరెడివారో! మా పత్రిక మర్యాదను బట్టి క్షమింతురని నమ్మిక.

1936వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్ర మేర్పడినది. పర్లాకిమిడి అందులో చేరినది. తెలుగువారు హెచ్చుగ నున్న భాగమును అటు చేర్చరాదని రామమూర్తిగారు తీవ్రముగ ప్రతిఘటించిరి గాని ఫలింపలేదు. ఆనాటి ఉదయముననే, ఏబదియారేండ్లు తాము పాఠములు చెప్పి, పుస్తకములు వ్రాసి, సంసారము చేసిన పట్టణమును విడిచి, డెబ్బదిమూడవ యేట రాజమహేంద్రవరము చేరిరి.

మన యూరివారికి ఈ ఘట్టమును వివరింప నక్కరలేదు. 1953 అక్టోబరు 1వ తేదీన ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రమునకును, బళ్ళారి మైసూరునకును పోయినవి. గీత గీసిన మరునాడును ఇరుప్రక్కల పిల్లలు అవే యిండ్లలో అవే మాట లాడుకొనిరి. కొందరు గిడుగువారివలె తరలిపోయిరి; అనేకులు నిలిచిరి. రామమూర్తిగారు పర్లాకిమిడిని విడుచుట సబబని కొందరు, కాదని కొందరు అందురు. నాకు మాత్రము ఆయన వెడలిన పట్టణమున తెలుగుపిల్లలు మిగిలిరను విషయమే మనస్సునకు తగులును. అట్టి పిల్లలకు బడి యెట్లుండవలెనో, తన భాష బలహీనమైనచోట బిడ్డ యేమి నష్టపోవునో, ఆయన కంటె నెరిగినవారు లేరు. ఆయనయే అచట లేకపోయిరి. కొండలపైని సవరలును ఒరిస్సాలోనే యుండిరి. ఆయన రాజమహేంద్రవరమున నుండగనే వారి నిఘంటువు అచ్చైనది.

ఆంధ్రవిశ్వవిద్యాలయము ఆయనకు కళాప్రపూర్ణ బిరుదము నిచ్చెను. 1940 జనవరి నెల మధ్యలో, పత్రికలవారు వాడుకభాషను చేపట్టవలెనని ఆయన చివరిసారి వేడిరి. వారము దినములకు, 22వ తేదీన, దేహము చాలించిరి. ఆయన జన్మదినమగు ఆగస్టు 29ని తెలుగుభాషాదినముగ జరుపుచున్నారు.

సవరబడుల కథ అంతటితో ముగియలేదు. 2004 ప్రాంతమున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిది గిరిజనభాషలలో మొదటి తరగతుల చదువు నారంభించినది. ఆ యెనిమిదింటిలో సవర యొకటి. ఆ బిడ్డల వాచకములు తెలుగు అక్షరములతోనే అచ్చైనవి.