రాగిరేకులకు గళమిచ్చిన రాళ్లపల్లివారు

శ్రీ తాళ్లపాక అన్నమాచార్యులవారు (1408–1503) శ్రీవేంకటేశ్వరునకు సమర్పించిన సంకీర్తనములు రాగిరేకుల కెక్కి, తిరుమల ఆలయమందలి సంకీర్తన భాండారమున శతాబ్దములపాటు మౌనముగా నుండెను. వానిని మరల భక్తుల చెవికి చేర్చిన మహనీయులలో శ్రీమాన్ రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు అగ్రగణ్యులు.

వారు 1893 జనవరి 23వ తేదీన అనంతపురము జిల్లా రాళ్లపల్లి గ్రామమున జన్మించిరి. తండ్రి కృష్ణమాచార్యులవారు, తల్లి అలమేలుమంగమ్మగారు. తండ్రియొద్ద సంస్కృతాంధ్రములను, తల్లియొద్ద పాటను నేర్చిరి. పిదప మైసూరు పరకాల మఠమున శ్రీకృష్ణబ్రహ్మతంత్ర స్వామివారి సన్నిధిని కావ్యాలంకారములను, బిడారం కృష్ణప్పగారి యొద్ద సంగీతమును అభ్యసించిరి. 1912 నుండి 38 సంవత్సరములు మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు బోధించిరి.

అధ్యాపకత్వము ముగిసిన వెనుక దేవస్థానమువారి పిలుపుపై తిరుపతి చేరిరి. అంతకుముందు వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పరిష్కరించుచుండిన తాళ్లపాక వాఙ్మయము 1950లో వారి మరణముతో పెద్దదిక్కును కోల్పోయెను. ఆ భారమును శర్మగారు వహించిరి. రేకులపై ప్రతి పాటకును రాగము పేరు కలదు. స్వరములు మాత్రము లేవు. పూర్వులు పాడిన వరుస చాలవఱకు లుప్తమయ్యెను. సాహిత్యమును మాత్రమే అచ్చువేసిన పాట పుస్తకమున నిలుచును గాని సన్నిధిలో పలుకదు. స్వరము కూర్చుటకు పదముల భావము, ప్రాచీన రాగముల లక్షణము రెండును ఎఱిగినవారు కావలెను. ఆ రెండును శర్మగారియందు కలిసియుండెను. సుమారు 100 కీర్తనలకు వారు స్వరకల్పన చేసిరి.

వారి దృష్టి గానమునకే పరిమితము కాలేదు. ఓరుగల్లు కాకతీయ గణపతిదేవుని గజసాహిణి జాయప సేనాని 1253–54 ప్రాంతమున సంస్కృతమున రచించిన నృత్తరత్నావళిని తెలుగు చేసిరి. అది 1969లో వెలువడెను. ఎనిమిది అధ్యాయముల ఆ శాస్త్రము మార్గ, దేశి నృత్తములను రెంటిని వివరించును. పాలంపేట రామప్పగుడి స్తంభములయొద్ద నర్తించు శిలామూర్తులను చూచినవారికి ఆనాటి నాట్యమెట్టిదో తెలుగు మాటలలో తెలిసికొను భాగ్యము అందువలన కలిగెను.

1974లో మద్రాసు సంగీత అకాడమీవారు వారికి సంగీత కళానిధి బిరుదము నొసగిరి. 1979 మార్చి 11వ తేదీన తిరుమల తిరుపతి దేవస్థానమువారు ఆస్థాన విద్వాంసునిగా సత్కరించిరి. ఆ దినమే వారు పరమపదించిరి. శ్రీవారి పాటకు ప్రాణము పోసిన కైంకర్యపరునకు స్వామి గౌరవము, స్వామి సాన్నిధ్యము ఒక్కనాడే లభించినవి. నేడు ఇంటింట సంకీర్తనము పాడుకొను భక్తులు రచించిన ఆచార్యునితోపాటు స్వరము కూర్చిన ఈ సేవకుని కూడ తలచుట ధర్మము.