తప్పు చెవిదా, బుద్ధిదా?

తమిళనాడులోని మన బడుల్లో డిక్టేషన్ చెబితే ‘బడి’ని ‘పడి’ అని రాసే పిల్లలుంటారు. తమిళ లిపిలో ప, బలకు ఒకే అక్షరం మరి. ‘మందబుద్ధి’ అంటూ ఎర్రసిరా గీత పెట్టిన టీచర్లలో మేమూ ఉన్నాం. ఫ్రాంజ్ బోయాస్ జీవితం చదివాక ఆ మాట అనడానికి నోరు రావడం లేదు.

బోయాస్ 1858లో జర్మనీలోని మిండెన్‌లో యూదు కుటుంబంలో పుట్టారు. చదివింది భౌతికశాస్త్రం, సముద్రపు నీటి రంగు మీద పరిశోధన. 1883లో ఆర్కిటిక్‌లోని బాఫిన్ దీవికి వెళ్లి, ఇన్యూట్ ప్రజల మధ్య ఏడాదిపాటు ఉన్నారు. విన్న మాటలు నోటుపుస్తకాల్లో రాసుకున్నారు.

‘ఆదిమ’ జాతులవారు ఒకే మాటను పూటకో రకంగా పలుకుతారనీ, అది ఎదగని బుద్ధికి గుర్తనీ అప్పట్లో కొందరు పండితులు వాదించేవారు. బోయాస్ తన నోటుపుస్తకాలే తిరగేసి చూసుకున్నారు. ఒకే మాట ఒక్కోచోట ఒక్కోలా ఉంది! పలికినవాళ్ల తప్పు కాదది. తనకు అలవాటు లేని ధ్వనిని తన చెవి ఒకసారి తెలిసిన ఒక ధ్వనిగా, మరోసారి ఇంకో ధ్వనిగా పట్టుకుంది. 1889లో ఈ సంగతిని వ్యాసంగా అచ్చువేశారు. తన నోట్సులో తప్పు తానే వెతుక్కోవడం మాకు అన్నిటికన్నా నచ్చింది.

తర్వాత న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. తల ఆకారం జాతిని బట్టి ఉంటుందనీ, అది మారదనీ నమ్మే కాలం. వలసవచ్చిన కుటుంబాల్లో దాదాపు 18 వేలమందిని కొలిపించారు. అమెరికాలో పుట్టిన పిల్లల తలల కొలతలు తల్లిదండ్రుల కొలతలకు భిన్నంగా వచ్చాయి. అయినా 1924లో కొన్ని దేశాల వలసలను బాగా తగ్గించే చట్టం వచ్చింది.

మచ్చ లేని మనిషేం కాదు. 1897లో గ్రీన్లాండ్ నుంచి ఆరుగురు ఇన్యూట్లను న్యూయార్క్ మ్యూజియానికి తెప్పించడంలో ఆయనకూ పాత్ర ఉంది. నలుగురు అక్కడే చనిపోయారు. మినిక్ అనే పిల్లవాడి తండ్రికి ఉత్తుత్తి ఖననం జరిపి, ఎముకలు మ్యూజియంలో దాచారు. ఈ సంగతి బోయాస్‌కు తెలుసు.

1933లో, ఆయనకు డాక్టరేట్ ఇచ్చిన కీల్ నగరంలోనే నాజీలు ఆయన పుస్తకాలు తగలబెట్టారు. వయసు మీదపడినా ఆయన జాతి సిద్ధాంతాలకు వ్యతిరేకంగా రాయడం మానలేదు. 1942 డిసెంబరు 21న కొలంబియాలో మధ్యాహ్న భోజనం దగ్గర మిత్రులతో మాట్లాడుతూనే కుప్పకూలి కన్నుమూశారు.