గడియారాల నవాబు

ధనవంతుడు గడియారాన్ని కొనగలడు గాని, గడచిన గడియను కొనలేడు. ఈ సత్యానికి మూడవ సాలార్‌జంగ్ జీవితమే తార్కాణం.

ఆయన పేరు మీర్ యూసుఫ్ అలీఖాన్. 1889 జూన్ 13వ తేదీన పూనాలో జన్మించారు. నెల నిండకమునుపే తండ్రి రెండవ సాలార్‌జంగ్ గతించారు. తాత మొదటి సాలార్‌జంగ్ ముప్పది సంవత్సరాలు నిజాం రాజ్యానికి దివానుగా ఉండి పాలనను చక్కదిద్దిన దక్షుడు. 1876లో రోము నగరంలో బెంజోనీ మలచిన మేలిముసుగు రెబెక్కా పాలరాతి ప్రతిమను కొన్న రసజ్ఞుడు కూడా ఆయనే. మనుమనికి ఆ రెండు వారసత్వాలూ సంక్రమించాయి. ఒకటి నిలువలేదు, రెండవది విడువలేదు.

1912లో ఏడవ నిజాం ఆయనను దివానుగా నియమించారు. అప్పటికి వయస్సు ఇరువదిమూడేండ్లు. రెండున్నరేండ్లు నిండీ నిండకముందే, 1914లో, ఆ పదవి నుండి తప్పుకొన్నారు. రాజ్యభారం పోయింది, అపారమైన జాగీరు మిగిలింది. వివాహం చేసుకోలేదు. తక్కిన ముప్పదియైదేండ్లూ కళాఖండాల సేకరణకే ధారపోశారు. దేశవిదేశాల వర్తకులకు మూసీ తీరాన ఉన్న దివాన్ దేవిడీ పరిచితమైన గడప అయింది.

ఆ సంపదలో గడియారాలది ప్రత్యేక స్థానం. ఫ్రాన్సు, ఇంగ్లండు, స్విట్జర్లండు, జర్మనీ, హాలండు దేశాలవి ఎన్నో ఉన్నాయి. నిలువెత్తు గడియారాలు ఒకవైపు, భూతద్దంతో చూడవలసినంత చిన్నవి మరొకవైపు. పంజరంలో పక్షి అమరినవి కొన్ని. లోపలి చక్రాలు పైకి కనిపించేవి కొన్ని. అన్నిటికీ తలమానికం కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ సంస్థవారి సంగీత గడియారం. అందులో ఒక కమ్మరి సుత్తితో సెకనులను కొడుతూనే ఉంటాడు. గంట కావడానికి మూడు నిమిషాల ముందు గడ్డపు బొమ్మ ఒకటి తలుపు తీసుకొని వచ్చి, వేళకు తగినన్ని గంటలు కొట్టి లోపలికి పోతుంది.

1949 మార్చి 2వ తేదీన నవాబు కన్నుమూశారు. సంతానం లేదు. వారసులు పంచుకొని ఉంటే ఆ సేకరణ చెల్లాచెదరయ్యేది. అయితే అది చెదరకుండానే 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో నెహ్రూ పండితుడు ప్రదర్శనశాలను ప్రారంభించారు. 1958లో కుటుంబీకులు రాజీకి వచ్చి దానిని భారత ప్రభుత్వానికి అప్పగించారు. 1961లో పార్లమెంటు చట్టం దానికి జాతీయ ప్రాముఖ్యం కల్పించింది. 1968లో వస్తుజాలమంతా మూసీ దక్షిణపుటొడ్డున నిర్మించిన నూతన భవనానికి తరలింది.

నేడు గంట కావస్తుండగానే ఆ గడియారం ముందు జనం గుమిగూడతారు. తల్లులు బిడ్డలను భుజాల కెత్తుకుంటారు. బొమ్మ వస్తుంది, కొడుతుంది, వెళుతుంది. బిడ్డలు లేని నవాబు కూడబెట్టిన గడియలు ఊరందరి బిడ్డలకూ దక్కాయి.