కీర్తనల్లో క్రీస్తును పాడిన కవి

క్రిస్మస్ వచ్చిందంటే చర్చిల్లో మారుమోగే 'జాయ్ టు ద వరల్డ్' పాటలో బేత్లెహేము లేదు, పశువుల తొట్టె లేదు, గొల్లలూ లేరు. ఎందుకంటే అది క్రిస్మస్ కోసం రాసిన పాట కాదు, 98వ కీర్తన. క్రీస్తు వెలుగులో ఆ కీర్తనను చదివి పాటగా మలచినవాడు ఐజాక్ వాట్స్.

వాట్స్ 1674లో ఇంగ్లండులోని సౌతాంప్టన్‌లో పుట్టాడు. ఆంగ్లికన్ చర్చి పద్ధతులకు లోబడనందుకు ఆయన తండ్రి జైలుపాలయ్యాడు. వాట్స్ చిన్ననాడే లాటిన్, గ్రీకు, హెబ్రీ నేర్చాడు. ఆంగ్లికన్ చర్చిలో చేరితే విశ్వవిద్యాలయంలో చదివిస్తామన్నా ఒప్పుకోలేదు. లండన్ దగ్గరి ఓ చిన్న అకాడమీలో చదివి, 1702లో మార్క్ లేన్ సంఘానికి కాపరి అయ్యాడు.

ఆ రోజుల్లో చాలా సంఘాల్లో కీర్తనలు తప్ప మరేమీ పాడేవారు కాదు. బలవంతంగా ఛందస్సులో ఇరికించిన పాత అనువాదాలను ఒకరు పంక్తి పంక్తిగా చదివితే సంఘం సాగదీసి పాడేది. పెదవులు కదిలేవి గాని ముఖాల్లో ఆనందం ఉండేది కాదు. కుర్రవాడైన వాట్స్ దీనికి బాధపడితే, అంతకన్నా మంచివి నువ్వే రాయమని తండ్రి సవాలు చేశాడంటారు.

హెబ్రీ కవిత్వం మన పద్యాల్లా యతిప్రాసల మీద నడవదు. మొదటి పాదంలోని భావాన్ని రెండో పాదం అందుకుని మరింత లోతుకు తీసుకెళ్తుంది. అందులో నదులు చప్పట్లు కొడతాయి, కొండలు ఆనందిస్తాయి. అలాంటి కవిత్వాన్ని మాటకు మాట మార్చితే ప్రాణం పోతుందని వాట్స్ గ్రహించాడు. పైగా, దావీదు ఎదురుచూసిన రక్షకుడు వచ్చాక కూడా క్రైస్తవులు ఆయన పేరెత్తకుండా ఎందుకు పాడాలి? ఆ ప్రశ్నకు జవాబుగా 1719లో 138 కీర్తనలను క్రీస్తు సంఘం పాడుకునేలా తిరగరాసి ప్రచురించాడు. 72వ కీర్తనలోని రాజు ఆయన పాటలో యేసుప్రభువయ్యాడు. దైవవాక్యాన్ని మార్చాడని కొందరు మండిపడ్డారు. కొన్ని సంఘాల్లో ఆ పాటల మీద ఏళ్ల తరబడి తగవులు నడిచాయి.

ఇంత పని చేసినవాడు ఆరోగ్యవంతుడు కాడు. 1712లో తీవ్రమైన జ్వరం ఆయన్ను కుంగదీసింది. లండన్ మాజీ మేయర్ సర్ థామస్ ఏబ్నీ కొద్దిరోజుల విశ్రాంతికని తన ఇంటికి పిలిస్తే, 1748లో చనిపోయేదాకా 36 ఏళ్లు ఆ కుటుంబంతోనే ఉండిపోయాడు. మనిషి బతుకు గడ్డిలాంటిదని చెప్పే 90వ కీర్తనకు ఆయన ఇచ్చిన పాటను, యుద్ధాల్లో మరణించిన సైనికులను స్మరించుకునే రోజున బ్రిటన్ ప్రజలు నేటికీ పాడతారు.

అయితే వాట్స్ 12 కీర్తనలను వదిలేశాడు. వాటిలో కొన్ని వేరే కీర్తనల్లో కనిపించే మాటలే. కాని బబులోను మీద పగతో రగిలే 137వ కీర్తన, చీకటితోనే ముగిసే 88వ కీర్తన కూడా అందులో ఉన్నాయి. శాపాలు క్రైస్తవుని నోట తగవని ఆయన భావించాడు. ఆ జాగ్రత్త అర్థం చేసుకోదగినదే. కాని కడుపు మండినవాడు పగను తన చేతుల్లోకి తీసుకోక దేవుని ముందు పెట్టడం కూడా ప్రార్థనే కదా! యేసుప్రభువే సిలువ మీద 22వ కీర్తనలోని మొరను తన మొరగా చేసుకున్నాడు.

కీర్తనల్లో క్రీస్తును చూడమని వాట్స్ నేర్పాడు. ఆయన వదిలేసిన కీర్తనల్లోనూ ఆ క్రీస్తే ఉన్నాడు. ఆనందగీతాలు మాత్రమే పాడే సంఘంలో, బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఏం పాడుతుంది? ఈ వారం 98వ కీర్తనను బిగ్గరగా చదవండి. తర్వాత, మీ సంఘంలో దుఃఖంలో ఉన్న ఒకరిని తలచుకుని, 88వ కీర్తనను నెమ్మదిగా, వారి పక్షాన చదవండి.