కుందేళ్లను పెంచిన కీర్తనకారుడు

ధ్యాన భాగము: 1 రాజులు 19:1-8

ఏలీయా బదరీవృక్షము క్రింద కూర్చుండి చావు కోరిన దినమున దేవుడు అతనిని గద్దింపలేదు. ముందు నిద్రపోనిచ్చెను. దూతచేత లేపించి రొట్టెయు నీళ్లును ఇప్పించెను. మరల పండుకొననిచ్చి, మరల భోజనము పెట్టించెను. ఆ పిమ్మటనే హోరేబు ప్రయాణము, ఆ పిమ్మటనే ఉపదేశము.

ప్రియ సహోదరీ సహోదరులారా, ఈ వరుసను మనము తరచుగా మరచిపోవుదుము. ఒకరు మనస్సు క్రుంగి, అన్నము సహించక, ఆరాధనకు రాక యింటనే యుండినయెడల, విశ్వాసము సన్నగిల్లినదనియో, దయ్యము పట్టినదనియో త్వరపడి పలుకుదుము. అట్లు పలుకకముందు ఒక భక్తుని జీవితమును తలంచుకొందము.

విలియం కూపరు 1731 నవంబరు నెలలో ఇంగ్లండులోని బెర్క్‌హమ్‌స్టెడ్ అను ఊరిలో పుట్టెను. తండ్రి ఆ ఊరి దేవాలయపు పాదిరి. బాలునికి ఆరేండ్లు నిండకముందే తల్లి చనిపోయెను. తరువాత వేసిన బడిలో పెద్ద విద్యార్థి యొకడు అతనిని మిక్కిలి బాధపెట్టెను. పెరిగి న్యాయశాస్త్రము చదివెను. 1763లో ప్రభువుల సభలో ఉద్యోగము దొరకనుండగా, అందుకొరకు సభ యెదుట పరీక్షకు నిలువవలెనన్న భయము అతనిని పట్టుకొనెను. ఆ భయమే పెరిగి, తన ప్రాణము తానే తీసికొనుటకు యత్నించునంతవరకు తెచ్చెను. దేవుని దయచేత బ్రతికెను.

అతనిని సెయింట్ ఆల్బన్స్ పట్టణములో నథానియేల్ కాటన్ అను వైద్యుని వద్ద చేర్చిరి. ఆయన భక్తిగలవాడు, మృదువుగా మాటలాడువాడు. కొన్ని నెలల చికిత్స తరువాత, 1764లో, కూపరు రోమీయులకు వ్రాసిన పత్రిక 3:25 చదివి, క్రీస్తు తన పాపముల కొరకు కూడ చనిపోయెనని గ్రహించి సంతోషించెను. వైద్యుని ఔషధమును దేవుని వాక్యమును ఒకే యింట అతనికి దొరకినవి.

పిమ్మట అన్విన్ అను కుటుంబము అతనిని తమ యింట చేర్చుకొనెను. 1767లో ఆ యింటి యజమాని గుఱ్ఱముపైనుండి పడి మరణించగా, అతని భార్య మేరీతోకూడ కూపరు ఓల్నీ అను చిన్న ఊరికి వెళ్లెను. అక్కడి పాదిరి జాన్ న్యూటన్, ఒకప్పుడు బానిసలను తీసికొనిపోవు ఓడలకు అధిపతి. ఆయన కూపరును రోగుల యిండ్లకు, ప్రార్థన కూటములకు వెంటబెట్టుకొనిపోయెను. కీర్తనలు వ్రాయుమని ప్రోత్సహించెను. ఇద్దరి కీర్తనలును 1779లో ఒకే పుస్తకముగా అచ్చయినవి. ఇమ్మానుయేలు రక్తపు ఊటనుగూర్చి కూపరు వ్రాసిన కీర్తన తెలుగు సంఘములలోను పాడబడుచున్నది.

అయితే ఆ పుస్తకము వెలువడకముందే, 1773లో, చీకటి మరల కమ్మెను. దేవుడు తన్ను విడనాడెనని కూపరు నిశ్చయించుకొనెను. అప్పటినుండి ఆరాధనకు వెళ్లుట మానెను. న్యూటన్ అతనిని వెలివేయలేదు. తన యింటనే ఏడాదికి పైగా ఉంచుకొనెను. మేరీ రాత్రింబగళ్లు కనిపెట్టుకొనియుండెను.

1774లో పొరుగువారొకరు అతనికి ఒక కుందేలుపిల్లను ఇచ్చిరి. అతనికి ఇష్టమని తెలిసి మరికొందరు తెచ్చిరి. అతడు మూడింటిని ఉంచుకొని, పస్, టైనీ, బెస్ అని పేర్లుపెట్టి, వాటికి తన చేతితో గూళ్లు చేసెను. పస్ జబ్బుపడగా ఉపచారము చేసి బాగుచేసెను. ఆ జంతువు అతని చెయ్యి నాకెను. ఉదయముననే దానిని తోటకు ఎత్తుకొనిపోవుట అతనికి వాడుకయాయెను. వేళకు మేతపెట్టవలసిన ప్రాణి యొకటి ఇంటనుండగా, మంచముమీదనే పడియుండుటకు వీలుకాదు గదా!

వడ్రంగము చేసెను. దోసపాదులు, కర్బూజపాదులు పెంచెను. బొమ్మలు గీసెను. మేరీతో దినదినము పొలముగట్లవెంట నడచెను. స్నేహితులకు ఉత్తరములు వ్రాసెను. 1780లో న్యూటన్ లండనుకు వెళ్లిపోగా, పద్యములు వ్రాయుమని మేరీ ప్రోత్సహించెను. ఒక దినమున స్నేహితురాలొకతె అతని దిగులు చూచి నవ్వు పుట్టించు కథ చెప్పగా, దానినే పద్యముగా మలచెను. 1785 నాటికి అతడు దేశమంతట పేరుపొందిన కవి. 1788లో బానిస వ్యాపారమునకు విరోధముగాను కలము పట్టెను.

అతని దుఃఖము పూర్తిగా తొలగెనని చెప్పలేము. 1787లో జబ్బు మరల వచ్చెను. మేరీకి పక్షవాతము రాగా, ఇన్నాళ్లు తన్ను సాకిన ఆమెను అతడు సాకెను. ఆమె 1796లో మరణించిన తరువాత అతడు తేరుకొనలేదు. 1800 ఏప్రిల్ 25న ఈస్ట్ డియరమ్‌లో, ఆ చీకటిలోనే కన్నుమూసెను. కాని దేవుడు విడిచెనని అతడు తలంచిన సంవత్సరములలోను, దేవుడు పంపిన మనుష్యులు అతనిని విడువలేదు. తన చెయ్యి ప్రభువును పట్టుకొనలేని దినమునను, ప్రభువు చెయ్యి విడువలేదని నమ్ముదము.

కుందేళ్లును దోసపాదులును అతని జబ్బును కుదుర్చలేదు. దినము గడచుటకు తోడ్పడినవి. క్రుంగినవారికి ఒక్కొక్క దినము గడచుటయే గొప్ప సంగతి. మీ మనస్సు బరువెక్కినయెడల, ఒక చిన్నపని చేయుడి: కోళ్లకు గింజలు వేయుడి, పాదుకు నీళ్లు పోయుడి, ఎండ ముదరకముందు చెరువుగట్టువరకు నడువుడి, నమ్మినవారొకరితో మాటలాడుడి. వేళకు తినుడి, పండుకొనుడి. దిగులు వారములు గడచినను విడువనియెడల, లేక చావు తలంపులు వచ్చినయెడల, వెంటనే ఇంటివారికి చెప్పి ఆసుపత్రికి వెళ్లుడి. ప్రభుత్వపు టెలి మానస్ వారికి 14416కు ఉచితముగా ఫోను చేయవచ్చును. కూపరు కూడ వైద్యుని యింటనే వాక్యమును కనుగొనెను.

మీ వీధిలో అట్టివారున్నయెడల, ఈ వారము వారి గడప త్రొక్కుడి. ఉపదేశము తరువాత, ముందు రొట్టెయు నీళ్లును.

ప్రార్థన: ఏలీయాకు రొట్టె పంపిన తండ్రీ, క్రుంగినవారియొద్దకు మమ్మును పంపుము. మేమే క్రుంగిన దినమున ఒకరిని మాయొద్దకు పంపుము. ఆమేన్.