రైలింజన్ల మాటలు విన్న గురువు

ఆదోని స్టేషను చేరువన పెరిగిన పెద్దలకు రాత్రిపూట పొగబండి వేసే కూత, గుంతకల్లు వైపు కదిలేటప్పుడు ఇంజను పడే ఆయాసం బాగా గుర్తుంటాయి. (ఎమ్మిగనూరు విశ్వాసులు మన్నించాలి. వారి ఊరికి రైలు లేదు. బస్సెక్కి ఆదోనికో మంత్రాలయం రోడ్డుకో రావలసిందే.) ఆ ఆయాసంలో మాటలు విన్న గురువు ఒకరు ఇంగ్లాండులో ఉండేవారు. ఆయన పేరు విల్బర్ట్ ఆడ్రీ. థామస్ అనే చిన్న నీలిరంగు ఇంజను బొమ్మ మన పిల్లల చేతుల్లోనూ కనిపిస్తుంది. దాన్ని ప్రపంచానికి ఇచ్చింది ఒక పల్లెటూరి గురువని చాలామందికి తెలియదు.

ఆయన 1911 జూన్ 15న హాంప్‌షైర్‌లోని ఆంప్‌ఫీల్డులో పుట్టారు. తండ్రి ఆంగ్లికన్ సభ గురువు. ఆ సభలో గురువులు వివాహం చేసుకోవచ్చు. తండ్రికీ రైళ్లంటే ప్రాణం. బాల్యంలోనే వారి కుటుంబం బాక్స్ అనే ఊరికి మారింది. అక్కడ కొండను తొలిచి 1841లో తెరిచిన సొరంగం, సుమారు మూడు కిలోమీటర్లది, ఇంటికి దగ్గరలోనే ఉండేది. ఆ దారి ఎగువ. బరువైన గూడ్సు వస్తే వెనక నుంచి నెట్టడానికి మరో ఇంజను సిద్ధంగా ఉండేది. రాత్రి పక్కమీద పడుకుని కుర్రవాడు వినేవాడు. ముందు ఇంజను ఇక నా వల్ల కాదని మూలుగుతుంటే, వెనక ఇంజను నీ వల్ల అవుతుందని ధైర్యం చెబుతున్నట్టు తోచేది.

ఆక్స్‌ఫర్డులో చదువు, యెరూషలేములో మూడేళ్లు ఉపాధ్యాయ వృత్తి, 1936లో అభిషేకం, 1938లో మార్గరెట్‌తో వివాహం. మరుసటి ఏడాదే యుద్ధం వచ్చింది.

ఆడ్రీకి అసలు పరీక్ష అదే. యుద్ధం క్రీస్తు బోధకు విరుద్ధమని ఆయన నమ్మకం. దేశమంతా ఆయుధం పడుతున్న వేళ ఒక సహాయ గురువు ఆ మాట అంటే ఎవరు సహిస్తారు? పనిచేస్తున్న విచారణలో ఆయనను ఉండనివ్వలేదు. చివరకు బర్మింగ్‌హామ్ బిషప్ బార్న్స్, తానూ యుద్ధ వ్యతిరేకి కనుక, 1940లో కింగ్స్ నార్టన్‌లో చోటిచ్చారు. హిట్లరు వంటివాణ్ణి ఎలా ఆపాలన్న ప్రశ్నకు మన గురువిద్యాలయాల్లో చెప్పే ధర్మయుద్ధ సిద్ధాంతం వేరే జవాబిస్తుంది. నేను ఆ సిద్ధాంతం వైపే ఉంటాను. అయినా బతుకుతెరువు పోతుందని తెలిసీ మనస్సాక్షి మాట విన్న మనిషిని తక్కువ చేయలేం.

కథలు పుట్టింది ఆ కింగ్స్ నార్టన్‌లోనే. కొడుకు క్రిస్టఫర్‌కు తట్టు పోసింది. చీకటి గదిలో విసిగిపోతున్న పసివాడికి తండ్రి ఇంజన్ల కథ అల్లి చెప్పారు. మర్నాడు ఒక్క మాట మారినా వాడు ఊరుకునేవాడు కాదు. అందుకని ఒకవైపు అచ్చయిన పాత కాగితాల వెనక రాసిపెట్టుకున్నారు. భార్య పోరు పెట్టగా అవి 1945లో పుస్తకమయ్యాయి. మరుసటి ఏడాది థామస్ వచ్చాడు. 1972 వరకు ఇరవై ఆరు పుస్తకాలు రాశారు.

వాటిలో హెన్రీ అనే ఇంజను ఉంది. వానకు తన రంగు పాడవుతుందని సొరంగం వదిలి రానంది. అధికారి పట్టాలు తీయించి, గోడ కట్టించేశాడు. ఆడ్రీ కథను అక్కడే ఆపారు. ప్రచురణకర్త ఇంకో కథ కావాలన్నాడు. బండి లాగే దిక్కులేని రోజున గోడ పగలగొట్టి హెన్రీని బయటికి తెచ్చారు. ఆ కథల్లో శిక్ష ఉంటుంది, క్షమాపణ ఉంటుంది, పనికిరాదని ఇనుప సామానుకు వేసేయడం మాత్రం ఉండదు. బయట జరిగింది వేరు. 1968 నాటికి బ్రిటిష్ రైల్వే ఆవిరి ఇంజన్లను పక్కన పెట్టేసింది. వేలకు వేలు ముక్కలయ్యాయి. ఆడ్రీ అదే ఏడాది రాసిన పుస్తకంలో ఆలివర్ అనే ఇంజను ఆ చావు తప్పించుకుని ఆయన దీవికి పారిపోయి వస్తుంది.

ఆ దీవి పేరు సోడర్. 1950లో ఐల్ ఆఫ్ మాన్‌కు వెళ్లినప్పుడు అక్కడి బిషప్పును సోడర్ అండ్ మాన్ బిషప్పు అనడం విన్నారు. మాన్ ఉంది, సోడర్ ఏదీ? మన సభలోనూ అంతరించిన మేత్రాసనాల పేర్లు బిషప్పులకు ఇవ్వడం ఉన్నదే. ఆడ్రీ ఆ ఖాళీని వదల్లేదు. తమ్ముడు జార్జితో కలిసి ఆ లేని దీవికి కొండలు, నదులు, చరిత్ర కల్పించారు.

ఇంజన్ల విషయంలో మాత్రం కల్పన సాగనిచ్చేవారు కాదు. పెర్సీ అనే ఇంజను బొమ్మ ఎర్రగీతల పచ్చపురుగులా ఉందనేసరికి చిత్రకారుడు డాల్బీ పని మానుకున్నాడు. ఇంతటి నిష్ఠాపరుడు 1952లో వేల్స్‌లోని టాలిలిన్ రైల్వేలో స్వచ్ఛందంగా గార్డు పని చేస్తూ, తినుబండారాలు అమ్మే ఆమెను స్టేషనులోనే మరిచి బండికి జెండా ఊపేశారు! దాన్నీ కథగా రాసుకున్నారు.

ఎల్స్‌వర్త్‌లో ఏడేళ్లు, ఎమ్నెత్‌లో పన్నెండేళ్లు పల్లె విచారణలు చూసి 1965లో విరమించారు. 1997 మార్చి 21న, ఎనభై ఐదో ఏట, స్ట్రౌడ్ దగ్గర రాడ్‌బరోలో కన్నుమూశారు. ఆయన రాసుకున్న గదిని టాలిలిన్ రైల్వే మొదలయ్యే టైవిన్ ఊరి మ్యూజియంలో తిరిగి అమర్చారు. 2003లో ఎమ్నెత్ దేవాలయంలో ఆయన జ్ఞాపకార్థం ఒక రంగుటద్దాల కిటికీ పెట్టారు. అందులో థామస్ కూడా ఉన్నాడు.