కాలువ తవ్వించిన క్లౌ దొర

స్వర్ణోత్సవ సంచికకు ఒక పెద్దాయన గురించి రాయమన్నారు. నౌపడ ఉప్పు మళ్ల గట్ల మీద తిరిగి పెరిగినవాళ్లం, మట్టిపని మనకు కొత్త కాదు. ఆపై నేను ఇంజనీరుని. అందుకే ఒంగోలు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌను ఎంచుకున్నాను.

ఆయన 1836లో అమెరికాలో పుట్టారు. కుర్రతనంలో ప్రభుత్వ సర్వే పనుల్లో తిరిగారు. 1866లో ఒంగోలు చేరారు. పదేళ్లకు పెద్ద కరువు వచ్చింది. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్విస్తోంది. అక్కడ మాదిగ కూలీలను ఈసడిస్తున్నారని, క్లౌ తానే మూడున్నర మైళ్ల పని కాంట్రాక్టుకు తీసుకున్నారు. బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. తిండిలేక నీరసించిన మనుషులతో పని ఒప్పుకోవడానికి ఏ కాంట్రాక్టరైనా జంకుతాడు. కూలీలు అలసి కూర్చున్నప్పుడు బోధకులు పక్కనే కూర్చుని క్రీస్తు సంగతి చెప్పేవారు.

వందలమంది బాప్తిస్మం అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారేమోనని అనుమానం. ఏడాదికి పైగా అందరినీ ఆపారు. ఆకలితో వచ్చినవాడి విశ్వాసం అబద్ధమని నేననుకోను, కానీ అన్నం పెట్టే చెయ్యి బదులు అడగకూడదన్న ఆయన పట్టుదల నాకు నచ్చింది.

సాయం ఆపేశాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇచ్చినవారు ఆరుగురు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున. క్లౌ స్వయంగా ఒక్కరికీ ఇవ్వలేదు.

1910లో అమెరికాలో కన్నుమూశారు.